హిజ్రాల పట్టిక: 1919 నాటి చట్టము

హైదరాబాదు రాజ్యములో 1329 ఫసలీలో, అనగా క్రీ. శ. 1919లో, హిజ్రాలను గూర్చి ఒక చట్టము వెలువడినది. పుట్టినపుడు మగపిల్లలుగా లెక్కింపబడి, స్త్రీలుగా జీవించువారు వీరిలో పెక్కుమంది. నగరములోను, ప్రభుత్వము పేర్కొను ఇతర స్థలములలోను ఉన్న హిజ్రాలలో, బాలుర నపహరించుట మొదలగు నేరములు చేయుదురని అనుమానము కలిగినవారి పేర్లు ఒక పట్టికలో వ్రాయవలెను. నేరము రుజువు కానక్కరలేదు. పట్టిక కెక్కినవారు స్త్రీవేషముతో వీధిలో కనబడినను, నలుగురిలో నాట్యమాడినను వారంటు లేకుండ పట్టుకొనవచ్చును. శిక్ష రెండేండ్ల వరకు ఖైదు.

ఈ ఆలోచన నిజాం ప్రభుత్వమునకు సొంతము కాదు. 1871 నాటి బ్రిటిషు నేరస్థ జాతుల చట్టములో ఇట్టి భాగమే యుండెను. 1911లో బ్రిటిషువారు దానిని వదలివేసిరి. వారు పారవేసినదానిని ఎనిమిదేండ్లకు హైదరాబాదు ఎత్తుకొన్నది! 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన పిమ్మటకూడ అది తెలంగాణ ప్రాంతమునకే పరిమితమై నిలిచినది. నల్లగొండ జిల్లాలో నాగార్జునసాగరమువద్ద కృష్ణ దాటి నాటి గుంటూరు జిల్లాలో అడుగిడినచో ఆ చట్టము లేకుండెను.

దీనికిని ఆరోగ్యమునకును సంబంధమేమి? సిఫిలిస్‌నే తీసికొందము, మన పెద్దలు సవాయి అనెడివారు. మొదట నొప్పిలేని పుండు పుట్టును. మందు లేకున్నను కొన్ని వారములలో అది మానిపోవును. రోగి నిశ్చింతపడును. సూక్ష్మజీవి మాత్రము శరీరములోనే దాగి, కొందరిలో ఏండ్ల తరువాత గుండెను, మెదడును చెఱచును. తొలిదశలో సామాన్యముగ పెనిసిలిన్ సూదిమందు ఒక్క మోతాదు చాలును. కాని దానికై ఆసుపత్రికి పోయి పేరు చెప్పవలెను, మగవారి వరుసలోనో, ఆడువారి వరుసలోనో నిలువవలెను, నవ్వులు సహింపవలెను. పోలీసు పట్టిక నెరిగినవారికి ఆసుపత్రి పట్టికయు భయము గొల్పుట వింత కాదు. ఆ సంకోచమే సూక్ష్మజీవికి కావలసిన గడువు.

2014లో సుప్రీంకోర్టు ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కులను గుర్తించినది. 2018లో వైజయంతి వసంత మొగ్లి ప్రభృతులు హైదరాబాదులోని హైకోర్టులో వ్యాజ్యము వేసిరి. 2023 జూలై 6న తెలంగాణ హైకోర్టు 1919 చట్టమును రాజ్యాంగవిరుద్ధమని కొట్టివేసినది.

అంతకుముందే, 2021లో, హైదరాబాదులో పెక్కుమంది ఉద్యోగులు ట్రాన్స్‌జెండర్ వ్యక్తులే యైన ‘మిత్ర్’ వైద్యశాల వెలసినది. పేరడుగువారు తమవారే యగుటచే అచ్చట జంకు తక్కువ. 2025 జనవరిలో అమెరికా సహాయము ఆగిపోగా అది మూతపడినది. ఆ యేడే టాటా ట్రస్టుల సాయముతో వేరొక పేరున తెరచిరి. దేవరకొండనుండి వచ్చువారికి అది సుమారు నూరు కిలోమీటర్లు.