విశాఖ ప్రాంతంలో ప్రణాళికా చట్టాలు, గ్రామీణ రాకపోకలు

ఏ భూమిని దేనికి వాడాలి, రోడ్డు ఎక్కడ వేయాలి, బస్సు ఎవరు నడపాలి అన్న మూడు ప్రశ్నలకు వేర్వేరు చట్టాలు జవాబు చెబుతాయి. బడికి, సంతకు, ఆసుపత్రికి, పనికి వెళ్లే పల్లెవాసికి మాత్రం ఈ మూడూ ఒకే దారిలో ఎదురవుతాయి. న్యాయశాస్త్రం, భూగోళశాస్త్రం, గ్రామీణాభివృద్ధి కలిసే ఈ అధ్యయన రంగానికి విశాఖపట్నం ముఖ్యమైన క్షేత్రం. రేవు, ఉక్కు కర్మాగారం, వాటి కోసం ఖాళీ అయిన ఊళ్లు, ఆ వెనకే మన్యం ఇక్కడ పక్కపక్కనే ఉన్నాయి.

చట్టాల క్రమం

విశాఖ మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న కాలంలోనే 1920 నాటి పట్టణ ప్రణాళికా చట్టం ఇక్కడ అమల్లోకి వచ్చింది. 1933లో రేవు ప్రారంభమయ్యాక నగరం వేగంగా పెరిగింది. 1962లో టౌన్ ప్లానింగ్ ట్రస్టు, 1975 నాటి పట్టణ ప్రాంతాల అభివృద్ధి చట్టం కింద 1978లో విశాఖపట్నం పట్టణాభివృద్ధి సంస్థ (‘వుడా’) ఏర్పడ్డాయి. 2016 నాటి కొత్త చట్టం ప్రకారం 2018లో ‘వుడా’ స్థానంలో విశాఖపట్నం మెట్రోపాలిటన్ రీజియన్ డెవలప్‌మెంట్ అథారిటీ (వీఎంఆర్‌డీఏ) వచ్చింది. 2041 వరకు వర్తించే మాస్టర్ ప్లాన్ 2021లో వెలువడింది.

మాస్టర్ ప్లాన్ పటంలో ప్రతి సర్వే నంబరుకూ నివాస, పారిశ్రామిక, వ్యవసాయ ప్రాంతమంటూ ఒక రంగు ఉంటుంది. పల్లెవాసులు నడిచేదేమో రెవెన్యూ రికార్డుల్లో బండిదారి పోరంబోకుగా నమోదైన పుంతలు, డొంకల మీద. చుట్టూ లేఅవుట్లు వచ్చినప్పుడు ఇలాంటి దారి కుంచించుకుపోతే, పొలానికి వెళ్లే రైతు ఊరంతా చుట్టి రావాలి.

1992 నాటి 73, 74వ రాజ్యాంగ సవరణలు ఈ పనిని రెండుగా పంచాయి. గ్రామ రోడ్లు, కల్వర్టులు పదకొండో షెడ్యూలు ద్వారా పంచాయతీల వైపు, పట్టణ ప్రణాళిక పన్నెండో షెడ్యూలు ద్వారా మునిసిపాలిటీల వైపు వెళ్లాయి. రెంటినీ కలపడానికే 243-జడ్‌డీ అధికరణ జిల్లా ప్రణాళికా కమిటీని ఏర్పాటు చేయమంది. పంచాయతీలకూ పట్టణాలకూ ఉమ్మడిగా ఉన్న ప్రాదేశిక ప్రణాళికను ఆ కమిటీ దృష్టిలో పెట్టుకోవాలని అందులో స్పష్టంగా ఉంది.

ఉక్కు నగరం, నిర్వాసితులు

‘విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు’ ఉద్యమం 1966లో సాగింది. 1970 ఏప్రిల్ 17న ఇందిరాగాంధీ కర్మాగారాన్ని ప్రకటించగా, 1971 జనవరి 20న శంకుస్థాపన జరిగింది. దీనికోసం 64 గ్రామాల నుంచి 20 వేలకు పైగా ఎకరాలు సేకరించారు. నిర్వాసితులకు ఉద్యోగాల కోసం ‘ఆర్ కార్డులు’ ఇచ్చి, పెదగంట్యాడ, అగనంపూడి, వడ్లపూడి వంటి చోట్ల పునరావాస కాలనీలు ఏర్పాటు చేశారు.

నాటి సేకరణకు ఆధారం 1894 భూసేకరణ చట్టం. అది భూమికి, చెట్లకు, కట్టడాలకు వెల కట్టింది. సముద్రానికి, చెరువుకు, కూలి దొరికే ఊరికి పెరిగిన దూరానికి దానిలో లెక్క లేదు. 2014 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన 2013 భూసేకరణ చట్టం ఈ లోటును కొంత పూడ్చింది. పునరావాస గ్రామానికి అన్ని కాలాల్లో పనికొచ్చే రోడ్డుతో పాటు, సమీప కేంద్రాలకు స్థానిక బస్సు సౌకర్యం ఉండాలని దాని మూడో షెడ్యూలు చెబుతుంది.

మన్యం దారులు

పాడేరు, అరకులోయ, చింతపల్లి ప్రాంతాలు 2022 ఏప్రిల్ నుంచి అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉన్నాయి. ఇక్కడి భూమిని 1959 నాటి భూబదలాయింపు నిబంధనలు, వాటికి 1970లో జరిగిన సవరణ, పంచాయతీరాజ్‌ను షెడ్యూల్డు ప్రాంతాలకు విస్తరించిన 1996 నాటి పెసా చట్టం కాపాడుతున్నాయి. అనంతగిరి మండలం బొర్రా ప్రాంతంలోని గనుల లీజులపై ‘సమత’ సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు 1997లో తీర్పిచ్చింది. షెడ్యూల్డు ప్రాంతంలో భూమిని గిరిజనేతరులకు లీజుకివ్వడం ప్రభుత్వానికి సైతం చెల్లదని అందులో తేల్చింది.

భూమికి రక్షణ ఉన్నా దారికి కష్టం తీరలేదు. రోడ్డు లేని గూడెంలో ప్రసవం వస్తే దుప్పటిని కర్రకు డోలీగా కట్టి, గర్భిణిని ఇద్దరు భుజాన మోసుకుంటూ అంబులెన్సు ఆగే చోటికి దిగుతారు. 2000లో మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన మైదానంలో 500, కొండ, గిరిజన ప్రాంతాల్లో 250 జనాభా ఉన్న ఆవాసాలను అర్హతగా తీసుకుంది. విసిరేసినట్టున్న చిన్న గూడేలు ఈ లెక్కకు అందలేదు. 2023లో వచ్చిన కేంద్ర పథకం పీఎం జన్‌మన్, 2025 ఏప్రిల్‌లో డుంబ్రిగూడ మండలంలో మొదలైన రాష్ట్ర ప్రభుత్వ రోడ్ల కార్యక్రమం ‘అడవితల్లి బాట’ ఈ ఖాళీని పూరించే ప్రయత్నాలు.

అడ్డంకి డబ్బొక్కటే కాదు. గ్రామసభ సిఫార్సుతో రోడ్డుకు ఒక హెక్టారు లోపు అటవీ భూమి ఇవ్వడానికి 2006 అటవీ హక్కుల చట్టం వీలు కల్పిస్తుంది. హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకూడదు. నాలుగు మీటర్ల వెడల్పున వేస్తే ఆ హెక్టారులో వచ్చేది రెండున్నర కిలోమీటర్ల దారి. అంతకు మించితే 1980 అటవీ సంరక్షణ చట్టం కింద అనుమతి తెచ్చుకోవాలి.

ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని రేవుకు చేర్చడానికి 1960లలో వేసిన కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం ఇక్కడ మరో పాఠం. సరుకు కోసం పుట్టిన ఈ లైను మీద నడిచే పాసింజరు కొండవాసులకు ఆధారమైంది.

బస్సు, ఆటో

రోడ్డు పడినంత మాత్రాన బండి రాదు. 1988 మోటారు వాహనాల చట్టంలో ఒక్కో ప్రయాణికుడి దగ్గర టికెట్ తీసుకుని ఎక్కడికక్కడ దించే సేవకు స్టేజి క్యారేజి పర్మిట్ కావాలి. ఆటోకు ఉండేది కాంట్రాక్టు క్యారేజి పర్మిట్. బస్సు రాని ఊళ్లను రోజూ పట్నానికి చేరుస్తున్న షేర్ ఆటో ఈ కారణంగా చట్టం అంచున బతుకుతోంది. 2025 ఆగస్టు 15న మొదలైన ‘స్త్రీశక్తి’ పథకంలో పల్లెవెలుగు బస్సుల్లోనూ మహిళలకు ప్రయాణం ఉచితం. బస్సు తిరగని ఊరి ఆడవాళ్లకు ఆ మేలు అందదు.

పరిశోధన

తెలుగు నేల మీద ఈ రంగానికి పునాది వేసిన అధ్యయనం నల్లగొండ జిల్లా మిర్యాలగూడ తాలూకాపై జరిగింది. హైదరాబాదులోని జాతీయ సామాజికాభివృద్ధి సంస్థ తరఫున లలిత్ సేన్, సుధీర్ వన్మాలీ తదితరులు చేసిన ఈ పని 1971లో అచ్చయింది. జర్మన్ భూగోళవేత్త వాల్టర్ క్రిస్టాలర్ 1933లో ప్రతిపాదించిన కేంద్ర స్థాన సిద్ధాంతం దీనికి నేపథ్యం. ఏ ఊళ్లో ఏ సేవలున్నాయో, వాటి కోసం జనం ఎటు వెళ్తున్నారో చూసి, వృద్ధి కేంద్రాలను ఎంచుకోవాలన్నది దాని పద్ధతి. మన్యంలో అలాంటి కేంద్రం వారపు సంత. 1956లో ఏర్పడి విశాఖ కేంద్రంగా పనిచేస్తున్న గిరిజన సహకార సంస్థ అటవీ ఫలసాయం కొనేదీ సంతల్లోనే. నిర్వాసితుల విషయంలో వాల్టర్ ఫెర్నాండెజ్ బృందం 1951–95 మధ్య ఆంధ్రప్రదేశ్‌లో జరిగిన విస్థాపనపై చేసిన అధ్యయనం ప్రధాన ఆధారం.

విశాఖ ప్రాంతంలో ఈ పనికి తగిన సంస్థలున్నాయి. 1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో న్యాయ, భూగోళ శాస్త్ర విభాగాలు, సబ్బవరంలో 2008 నాటి దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం ఉన్నాయి. అయితే సమాచారంలోనే పెద్ద వెలితి ఉంది. పనికి వెళ్లే దూరం, వాహనాల గురించి 2011 జనగణన ఇచ్చిన పట్టికలో సాగుదారులు, వ్యవసాయ కూలీలు, కుటీర పరిశ్రమలవారు లేరు. పల్లెల్లో ఎక్కువమంది నడక ఆ లెక్కలోకి రాలేదు.

ఊరు ఊరికీ బడి, ఆసుపత్రి, సంత చేరడానికి పట్టే సమయాన్ని వానాకాలంలో, ఎండాకాలంలో విడివిడిగా కొలిచి, భూవినియోగ పటం పక్కన పెట్టడం ఈ రంగంలో అత్యవసరమైన పని. 243-జడ్‌డీ అధికరణ దానికి చట్టబద్ధమైన వేదికను ఇప్పటికే ఇచ్చింది. ఆ కొలతలు విశ్వవిద్యాలయాల నుంచి జిల్లా ప్రణాళికా కమిటీ ముందుకు చేరితే, భూమి ప్రణాళికలో మనిషి నడకకూ చోటు దక్కుతుంది.