కీమో సమయంలో సప్లిమెంట్లు: ఏది ఆసరా, ఏది అడ్డంకి?

కేన్సర్ చికిత్స మొదలైన ఇంటికి పలకరింపుకి వచ్చేవాళ్లు పళ్లతో పాటు ప్రొటీన్ పౌడర్ డబ్బానో, తిప్పతీగ మాత్రలో తెస్తుంటారు. ఈ రెంటినీ ఒకే గాటన కట్టలేం.

చికిత్సలో ఆహారం అసలు పని బరువు, కండ కరిగిపోకుండా చూడటం. నోటిపూత, వాంతులు, మారిపోయిన రుచి వల్ల తిండి తగ్గుతుంది. మనిషి మరీ నీరసిస్తే కీమో మోతాదు తగ్గించాల్సి రావచ్చు, వాయిదా వేయాల్సీ రావచ్చు. యూరప్ క్లినికల్ న్యూట్రిషన్ సంఘం ఎస్పెన్ మార్గదర్శకాల ప్రకారం రోగికి రోజూ కిలో బరువుకు ఒక గ్రాముకు పైగా, వీలైతే 1.5 గ్రాముల వరకు ప్రొటీన్ అందాలి. అంటే 60 కిలోల మనిషికి 60 నుంచి 90 గ్రాములు. ఒక గుడ్డులో ఉండేది దాదాపు 6 గ్రాములే. చారన్నం, మజ్జిగతో రోజు గడిపే రోగికి ఈ లెక్క అందదు. పౌడర్ అక్కర అక్కడే. కిడ్నీ సమస్య ఉన్నవాళ్లకు మాత్రం మోతాదు డాక్టరే చెప్పాలి.

విటమిన్ల దగ్గర వ్యవహారం మారుతుంది. లోపం ఉందని పరీక్షలో తేలితే తప్ప అధిక మోతాదు వద్దని అవే మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఫోలిక్ యాసిడ్‌నే చూడండి. ఊపిరితిత్తుల కేన్సర్‌కు వాడే పెమెట్రెక్సెడ్‌తో ఫోలిక్ యాసిడ్, బి12 తప్పనిసరిగా ఇస్తారు, లేకపోతే దుష్ప్రభావాలు తీవ్రమవుతాయి. అదే ఫోలిక్ యాసిడ్ కేపెసిటబీన్ వాడేవాళ్లలో మందు విషప్రభావాన్ని పెంచుతుంది. అందుకే 'విటమినే కదా, ఏమవుతుంది' అన్న ధీమా పనికిరాదు.

యాంటీఆక్సిడెంట్లపై అనుమానం ఇంకా తీరలేదు. 2020లో వెలువడిన అమెరికా అధ్యయనం 1,134 మంది రొమ్ము కేన్సర్ రోగులను పరిశీలించింది. కీమోకు ముందు, కీమో సమయంలోనూ వీటిని వాడినవాళ్లలో వ్యాధి తిరగబెట్టే ధోరణి ఎక్కువగా కనిపించింది. ఇది పరిశీలన మాత్రమే, రుజువు కాదు. అయినా చికిత్స ముగిసేదాకా ఆగడం వల్ల నష్టమేమీ లేదు.

మూలికలదీ అంతే. కూరలో పసుపుతో భయం లేదు. మిరియాల సారం కలిపిన పసుపు క్యాప్సూల్స్ కొందరిలో కాలేయాన్ని దెబ్బతీశాయి. తిప్పతీగ వాడినవారిలో కాలేయం దెబ్బతిన్న కేసులను 2021లో ముంబయి వైద్యులు నమోదు చేశారు. ఆయుష్ శాఖ దాన్ని తోసిపుచ్చింది. గ్రీన్ టీలోని ఒక పదార్థం మైలోమా మందు బోర్టెజోమిబ్‌ను పనిచేయనివ్వదని ప్రయోగశాలలో, ఎలుకల్లో తేలింది.

ఇంట్లో ఉన్న డబ్బాలు, సీసాలన్నీ సంచిలో వేసుకుని ఆంకాలజిస్టు దగ్గరకు తీసుకెళ్లండి. పేర్లు చెబితే సరిపోదు, లేబుల్ మీది మోతాదు ఆయన చూడాలి.