పిఠాపురం వీలునామా, మద్రాసు గీత

పిఠాపురం రాజా రావు గంగాధర రామారావు 1890లో కన్నుమూసేనాటికి ఆయనకు వారసుల కొరత లేదు. వెంకటగిరి రాజకుటుంబం నుంచి 1873లో దత్తత తెచ్చుకున్న రామకృష్ణారావు ఒకరు, 1885లో పుట్టిన సూర్యారావు మరొకరు. రాజావారు మాత్రం వీలునామా రాసి, సంస్థానాన్ని అయిదేళ్లు నిండని చిన్నవాడి పేర పెట్టి వెళ్లారు. వారసుడు మైనరు కాబట్టి ఎస్టేటు కోర్ట్ ఆఫ్ వార్డ్స్ అజమాయిషీలోకి వెళ్లింది. దత్తుడు కోర్టుకెక్కారు.

దావాలో అనేక తగాదాలున్నాయి. చిన్నవాడి పుట్టుకనే ప్రశ్నించారు. కానీ లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్లాక అసలు ప్రశ్న ఒక్కటే మిగిలింది: సంస్థానాన్ని వీలునామాతో తన ఇష్టం వచ్చినవారికి ఇచ్చే హక్కు రాజాకు ఉందా? ఇప్పుడు సబ్ రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్లి గంటలో వీలునామా రిజిస్టరు చేయించుకొచ్చేవారికి ఇది వింతగా తోచవచ్చు. ఆ రోజుల్లో తెలుగు జిల్లాల్లో అది కొట్టిపారేయదగ్గ ప్రశ్న కాదు.

పాత ధర్మశాస్త్రంలో ఆస్తి పుట్టుకతో వచ్చేది. ఉమ్మడి కుటుంబంలో మగబిడ్డ పుట్టగానే వాటాదారు అవుతాడు. ఒకరు పోతే ఆ వాటా మిగిలినవారిలో కలిసిపోతుంది. పోయినవాడి కోరికకు అందులో పెద్దగా చోటు లేదు. వీలునామా అలవాటు ఓడల మీద వచ్చి ముందు చెన్నపట్నంలో దిగింది. 1726 నాటి చార్టరు మద్రాసు, బొంబాయి, కలకత్తా మేయరు కోర్టులకు ప్రోబేటు ఇచ్చే అధికారం కట్టబెట్టింది. వీలునామా నిజమైనదేనని కోర్టు విచారించి, ముద్ర వేసి, దాన్ని అమలు చేయాల్సిన ఎగ్జిక్యూటరుకు అధికారం అప్పగించడమే ప్రోబేటు. తర్వాత ఆ పని మద్రాసు సుప్రీంకోర్టుకు, 1862 నుంచి హైకోర్టుకు సంక్రమించింది.

తెల్లవాళ్లతో వ్యాపారం చేసిన దుబాసీలు ఈ పద్ధతిని తొందరగానే పట్టుకున్నారు. పచ్చయప్ప ముదలియారు 1794లో చనిపోతూ తన ఆస్తిని గుళ్లకూ దానధర్మాలకూ రాసిచ్చారు. ఆ వీలునామా అమలు కాకుండా దశాబ్దాలు గడిచాయి. చివరికి సుప్రీంకోర్టు జోక్యంతో దక్కిన సొమ్ముతో 1842లో బడి పెట్టారు. మద్రాసులో చదువుకున్న తెలుగువాళ్లకు చిరపరిచితమైన పచ్చయప్ప కళాశాల అదే.

నగరం దాటితే కథ వేరు. 1802 నాటి మూడో రెగ్యులేషను జిల్లా కోర్టులు వీలునామాలను పరిగణనలోకి తీసుకోవడానికి వీలిచ్చింది. 1829లో అయిదో రెగ్యులేషను ఆ దారి మూసేసింది. ధర్మశాస్త్రానికి లోబడి ఉంటే తప్ప హిందువు వీలునామాకు బలం లేదని తేల్చింది. నాగలక్ష్మి అమ్మాళ్ కేసులో 1856లో ప్రీవీ కౌన్సిల్ మళ్లీ తలుపు తీసి, మద్రాసు ప్రాంతపు హిందువులకూ వీలునామా రాసే హక్కు ఉందని ఒప్పుకుంది. స్వార్జితానికి ఇబ్బంది లేకపోయింది. ఉమ్మడి ఆస్తి దగ్గరే పేచీ. 1874లో విట్ల బుట్టెన్ కేసులో మద్రాసు హైకోర్టు దానికి గట్టి ముడి వేసింది. మనిషి పోయిన క్షణంలోనే అతని వాటా మిగిలిన వాటాదారులకు చేరిపోతుంది కాబట్టి వీలునామాకు చిక్కడానికి ఏమీ మిగలదన్నది ఆ తీర్పు సారం.

మరి పిఠాపురం రాజా రాసింది ఎలా చెల్లుతుంది? చెల్లుతుందని 1899లో ప్రీవీ కౌన్సిల్ తీర్పు చెప్పింది. పిఠాపురం పంపకం లేని సంస్థానం. గద్దె మీద ఒక్కరే కూర్చుంటారు, తక్కినవారికి భాగం అడిగే హక్కు లేదు. భాగం అడిగే హక్కు లేనివాడికి అడ్డుపెట్టే హక్కూ లేదని 1888లోనే సర్తాజ్ కువారీ కేసులో అదే కౌన్సిల్ అంది. బతికుండగా దానమివ్వగలిగితే పోతూ రాసివ్వనూవచ్చు. ఉమ్మడి కుటుంబంలోని మామూలు రైతుకు లేని స్వేచ్ఛ అలా రాజాకు దక్కింది.

ఆ తీర్పుతో గద్దె నిలిచిన పసివాడే సూర్యరాయాంధ్ర నిఘంటువుకు పేరిచ్చిన మహారాజా సూర్యారావు. కాకినాడలో పి.ఆర్. కళాశాలను పోషించినదీ ఆయనే. దత్తుడి కుటుంబం ఊరుకోలేదు. ఆయన కుమారుడు కనీసం భరణమైనా ఇప్పించమని దావా వేశాడు. 1918లో ప్రీవీ కౌన్సిల్ దాన్నీ కొట్టేసింది. ఈలోగా సంస్థానాలు ఇలా ఒక్క కాగితంతో చేతులు మారిపోతాయని జమీందారీ కుటుంబాలకూ ప్రభుత్వానికీ బెదురు పట్టుకుంది. 1904లో వచ్చిన మద్రాసు అవిభాజ్య ఎస్టేట్ల చట్టం, తన జీవితకాలం దాటి ఎస్టేటును అన్యాక్రాంతం చేసే జమీందారు అధికారానికి పగ్గం వేసింది.

సామాన్యుల మాటకొస్తే వాళ్ల దారిని నిర్ణయించింది 1870 నాటి హిందూ వీలునామాల చట్టం. ఆ ఏడు సెప్టెంబరు 1 నుంచి రాసే వీలునామాలకు సంతకం, సాక్షులు, ప్రోబేటు వంటి ఇంగ్లీషు నియమాలు పెట్టింది. అయితే అన్ని చోట్లా కాదు. దిగువ బెంగాల్లోనూ, మద్రాసు, బొంబాయి నగరాల్లోనూ మాత్రమే. 1925 నాటి భారత వారసత్వ చట్టం తర్వాతి సవరణలతో సాక్షుల నియమాన్ని హిందువులందరికీ విస్తరించింది కానీ, ప్రోబేటు తప్పనిసరి అన్న గీతను 57, 213 సెక్షన్లలో అలాగే ఉంచేసింది.

ఆ గీత వల్ల చిత్రమైన తేడాలు పుట్టాయి. విశాఖపట్నంలోనో నెల్లూరులోనో ఉన్న ఇంటిని వీలునామాతో పొందిన హిందువుకు ప్రోబేటు అక్కర్లేకపోయేది. అదే కాగితంలో టి.నగర్ ఇల్లు కూడా ఉంటే, వీలునామా ఎక్కడ రాసినా సరే, మద్రాసు హైకోర్టు మెట్లెక్కాల్సి వచ్చేది. 1953లో ఆంధ్ర రాష్ట్రం విడిపోయి చెన్నపట్నం చేజారినప్పుడు, ఉమ్మడి మద్రాసు రాష్ట్రంలో ప్రోబేటు తప్పనిసరైన ఒకే ఒక్క నగరమూ తెలుగువారి రాష్ట్రం బయట ఉండిపోయింది. ఇక తెలంగాణ నిజాం పాలనలో మరో తీరున నడిచింది. భారత వారసత్వ చట్టం అక్కడికి వచ్చింది 1951లో. పట్టాదారు పోతే భూమి వారసుల పేరుకు మారే విరాసత్ మాత్రం ఇప్పటికీ రెవెన్యూ ఆఫీసుల్లో వినిపిస్తూనే ఉంది.

క్రైస్తవులకు ఈ మినహాయింపు చాలా ఆలస్యంగా దొరికింది. గుంటూరులో పక్కపక్క ఇళ్లలో ఉన్న హిందువుకు లేని ప్రోబేటు బెడద క్రైస్తవ కుటుంబానికి 2002 సవరణ దాకా ఉండేది. ముస్లింల వీలునామాలు వారి సొంత ధర్మం ప్రకారం నడుస్తాయి. అందులో పరాయివారికి ఇవ్వగలిగేది మామూలుగా మూడో వంతు మాత్రమే.

1956లో హిందూ వారసత్వ చట్టం 30వ సెక్షను 1874 నాటి ముడిని విప్పింది. ఉమ్మడి ఆస్తిలోని తన వాటాను కూడా వీలునామాతో ఇవ్వవచ్చంది. కూతుళ్లకు పుట్టుకతోనే వాటా ఇస్తూ ఆంధ్రప్రదేశ్ చేసిన సవరణ 1985 సెప్టెంబరు నుంచి అమలైంది. దేశమంతటికీ అది రావడానికి మరో ఇరవై ఏళ్లు పట్టింది. తండ్రి తన వాటాను కొడుక్కే రాసిచ్చి, ఆ మేరకు కూతుళ్లకు దక్కకుండా చేయడానికి 30వ సెక్షను దారి తెరిచే ఉంచింది.

చివరికి 2025 డిసెంబరులో పార్లమెంటు 213వ సెక్షనునే తొలగించింది. నూటయాభై ఏళ్లు దాటిన మద్రాసు గీత అలా చెరిగిపోయింది.

ప్రోబేటు తప్పనిసరి కాదంటే వీలునామాను ఎవరూ ప్రశ్నించరని కాదు. తగాదా వస్తే అది నిజమైనదని నిరూపించే భారం దాన్ని చూపినవారిదే. బ్యాంకు డిపాజిట్లు, షేర్ల కోసం సివిల్ కోర్టు నుంచి వారసత్వ సర్టిఫికెట్ అడగవచ్చు. వీలునామా లేనిచోట తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రంతో చాలా పనులు నడుస్తాయి కానీ, హక్కుల తగాదాను అది తీర్చలేదు. వీలునామాకు రిజిస్ట్రేషను ఐచ్ఛికం. కావాలంటే సీలు వేసిన కవరులో జిల్లా రిజిస్ట్రారు దగ్గర దాచుకోవచ్చు. తప్పనిసరి అయినది ఇద్దరు సాక్షుల సంతకం. కోర్టుకెక్కితే వారిలో కనీసం ఒకరు బోనెక్కి చెప్పాలి. కాబట్టి రాసేవారు ఆస్తిలో లాభం లేనివారిని, తమకన్నా వయసులో చిన్నవారిని సాక్షులుగా పెట్టుకోవడం మేలు.