పాత కంప్యూటర్‌లో బడికి సొంత ఫైల్ సర్వర్: లినక్స్‌లో ఏర్పాటు చేసే పద్ధతి

ప్రశ్నపత్రాలు, మార్కుల జాబితాలు, పిల్లల ఆధార్ వివరాలు మన బళ్లలో పెన్‌డ్రైవ్‌లోనో వాట్సాప్‌లోనో చేతులు మారుతుంటాయి. పెన్‌డ్రైవ్ వైరస్ తెస్తుంది. వాట్సాప్‌లో వేలు జారితే పరీక్ష పేపరు తల్లిదండ్రుల గ్రూపుకే చేరిపోతుంది. మూలన పడున్న కంప్యూటర్‌లో ఉబుంటు వేసుకుంటే, సాఫ్ట్‌వేర్ ఖర్చు లేకుండానే సర్వర్ తయారవుతుంది.

ఎఫ్‌టీపీ వద్దు, ఎస్‌ఎఫ్‌టీపీ వాడండి

ఎఫ్‌టీపీ తొలి రూపాన్ని 1971లో రాసింది ఐఐటీ కాన్పూర్‌లో చదివిన అభయ్ భూషణ్. అందులో పాస్‌వర్డ్ పోస్టుకార్డు మీది రాతలాగా బయటికి కనిపిస్తూనే పోతుంది. 2021లో క్రోమ్, ఫైర్‌ఫాక్స్ రెండూ దాన్ని తీసేశాయి. ఎస్‌ఎఫ్‌టీపీ అంటించిన కవరు లాంటిది. 1995లో ఫిన్లాండ్‌లో పుట్టిన ఎస్‌ఎస్‌హెచ్ అనే పద్ధతి మీద నడుస్తుంది.

ఏర్పాటు

(ఆదేశాలను ఇక్కడ పలికే తీరులో ఇచ్చాం. టైపు చేసేది ఇంగ్లీషు చిన్నక్షరాల్లోనే.)

1. టెర్మినల్ తెరిచి 'సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్-సర్వర్' అని కొట్టాలి.

2. టీచర్లకని ఒక గ్రూపు పెట్టి, అందులో ఒక్కొక్కరికీ వేరే ఖాతా తెరవాలి. అందరిదీ ఒకే పాస్‌వర్డ్ అయితే ఎవరు లోపలికి వచ్చారో తేలదు.

3. బడి పేరుతో ఒక ఫోల్డర్ చేయాలి. దాని యజమాని రూట్ మాత్రమే, ఇంకెవరికీ రాసే హక్కు ఉండకూడదు. ఫైళ్లు పెట్టుకునే ఫోల్డర్లు దాని లోపల చేసి, వాటికి హక్కులివ్వాలి. చాలామంది ఆగిపోయేది ఇక్కడే: పై ఫోల్డర్‌కి కూడా రాసే హక్కు ఇచ్చేస్తే, పాస్‌వర్డ్ సరైనదైనా కనెక్షన్ వెంటనే తెగిపోతుంది.

4. 'ఎస్‌ఎస్‌హెచ్‌డీ కాన్ఫిగ్' ఫైలు చివర 'మ్యాచ్ గ్రూప్' వరస రాసి, దాని కింద 'క్రూట్ డైరెక్టరీ', 'ఫోర్స్ కమాండ్ ఇంటర్నల్-ఎస్‌ఎఫ్‌టీపీ' వరసలు చేర్చాలి. దీంతో టీచర్లు ఆ ఫోల్డర్ దాటి బయటికి పోలేరు. ఆ తర్వాత ఎస్‌ఎస్‌హెచ్ సేవను రీస్టార్ట్ చేయాలి.

5. ఫైర్‌వాల్‌లో 22వ పోర్టును బడి నెట్‌వర్క్‌కి మాత్రమే తెరవాలి. ఇంటర్నెట్ వైపు తెరవొద్దు.

6. టీచర్ల విండోస్ కంప్యూటర్లలో ఫైల్‌జిల్లా గానీ విన్‌ఎస్‌సీపీ గానీ వేసి, ఎస్‌ఎఫ్‌టీపీ ఎంచుకుని, సర్వర్ ఐపీ చిరునామా ఇస్తే చాలు.

మరవకూడనివి

ప్రశ్నపత్రాల ఫోల్డర్ తయారు చేసే టీచరుకి తప్ప ఇంకెవరికీ తెరుచుకోకూడదు. టీచరు బడి మానేసిన రోజే ఖాతా మూసేయాలి. సర్వర్‌లో ఉంది కదా అని ధీమాగా ఉండొద్దు, హార్డ్‌డిస్క్ పోతే అన్నీ పోతాయి. వారానికోసారి వేరే డిస్క్‌లోకి కాపీ తీసి బీరువాలో పెట్టాలి.

మారతహళ్ళిలో మన పిల్లల తల్లిదండ్రుల్లో ఐటీ కంపెనీల్లో పనిచేసేవాళ్లు చాలామందే ఉన్నారు. మొదటిసారి ఏర్పాటుకి వాళ్ల సాయం తీసుకోండి. పని అయ్యాక రూట్ హక్కులున్న ఖాతా పాస్‌వర్డ్ మాత్రం మార్చేయండి. అది వాళ్ల మీద అనుమానంతో కాదు, పిల్లల వివరాలకు బడే జవాబుదారీ కాబట్టి.