అయిదు మిల్లీమీటర్ల లోతు

మా నాన్న హాఫ్ ప్లేట్ కెమెరాను తెనాలిలో వడ్రంగి బాబాయి ముందు పెడితే, ఆయన లెన్సు వంక చూడనైనా చూడలేదు. పెట్టెను వెనక్కి తిప్పి, ఇత్తడి గొళ్లెం తీసి, గరుకద్దం మీద దుమ్ము బొటనవేలితో తుడిచి, "ఇందులో ఏం పెడదామనయ్యా?" అన్నాడు. తీసిన నిమిషంన్నరలో బొమ్మ తేలే ఫిల్ము పెట్టాలన్నాను. "సరే, లోతెంతో చెప్పు. తక్కింది నేను చూసుకుంటా."

"అయిదు మిల్లీమీటర్లు" అన్నాను. ఆ అంకె వెనక పెద్ద కథే ఉంది. పనిలో ఉన్న మనిషికి చెబితే ఉలి పక్కకు పోతుందని ఊరుకున్నాను.

పెట్టె కెమెరాలో అసలు కీలకం వెనకభాగమే. నల్లగుడ్డ కప్పుకుని, గరుకద్దం మీద తలకిందులుగా పడిన పెళ్లికూతురిని చూసి ఫోకస్ చేస్తాం. ఆ తర్వాత సరిగ్గా ఆ అద్దం నిలిచిన చోటుకే ఫిల్ము రావాలి. కాస్త తేడా వచ్చిందంటే కళ్లు మసకబారి, చెవి జూకాలు మాత్రం స్పష్టంగా వస్తాయి. నాలుగంగుళాలకు అయిదంగుళాల ఫిల్ముకు అమెరికావాళ్లు ఈ లోతును 0.197 అంగుళాలని ఖాయం చేసుకున్నారు. అంటే మన లెక్కలో అయిదు మిల్లీమీటర్లు. ఎవరు చేసిన ఫిల్ము హోల్డరైనా ఎవరి కెమెరాలోనైనా కూర్చుంటుంది.

మనకు ఆ సుఖం లేదు. నాన్నది కేరళలోని ఆలప్పుళలో తయారైన వాగీశ్వరి. వాద్యాలు బాగుచేసే ఇంట్లో పుట్టిన కె. కరుణాకరన్, ఎవరో ఫొటోగ్రాఫరు తెచ్చిన కెమెరా తిత్తిని బాగుచేయబోయి, 1940ల్లో కెమెరాలే చేయడం మొదలెట్టాడు. హార్మోనియం తిత్తి తెలిసిన చేతికి కెమెరా తిత్తి ఓ లెక్కా! టేకు చెక్క, ఇత్తడి బిగింపులు. ఇప్పటికీ ఒక్క మూల వదులు కాలేదు. కానీ దాని హోల్డర్లు దానికే. పక్క స్టూడియో నుంచి అడిగి తెచ్చినవి మా పెట్టెలో దూరేవి కావు. బలవంతాన దూర్చితే వెలుతురు కారి ప్లేటు పాడయ్యేది.

ఇక నిమిషంలో బొమ్మ తేలే ఫిల్ము సంగతి. పోలరాయిడ్ కంపెనీ పెట్టిన ఎడ్విన్ ల్యాండ్ 1947 ఫిబ్రవరిలో న్యూయార్కులో ఒక సభలో తన బొమ్మ తానే తీసుకుని, నిమిషంలో పొర ఒలిచి చూపించాడు. మరుసటి ఏడాది నవంబరులో బోస్టన్‌లో ఆ కెమెరా అమ్మకానికి వచ్చింది. కొన్నవాళ్లు ఇంటిల్లిపాదినీ నిలబెట్టి బొమ్మలు తీసుకునే మామూలు జనం. వృత్తివాళ్లకు అది ఆటవస్తువులాగే కనపడి ఉంటుంది. వాళ్ల కెమెరాలు వాళ్లకున్నాయి కదా. కొత్త ఫిల్ము వాళ్ల దగ్గరికి పోవాలంటే ఆ పాత పెట్టెల్లోనే చోటు వెతుక్కోవాలి. పోలరాయిడ్ కంపెనీకి సలహాదారుగా చేరిన ఫొటోగ్రాఫరు యాన్సెల్ ఆడమ్స్ మొదటినుంచీ ఇదే పోరు పెట్టాడు. 1958లో నాలుగూ అయిదు హోల్డరు వచ్చింది.

అలాంటిదాన్ని నేను నా చేతులతో వాడాను గనక చెబుతాను. 1990ల్లో బొంబాయిలో ఒక ప్రకటనల స్టూడియోలో అసిస్టెంటుని. 545 అనే హోల్డరు, పక్కన ఒక మీట. మీట మీద ఎల్, పి అని రెండు గుర్తులు: ఎక్కించడానికి ఒకటి, కడగడానికి ఒకటి. హోల్డరును మామూలు హోల్డరులాగే అద్దం కిందికి తోస్తాం. ఫిల్ము ఒక కాగితపు కవరులో ఉంటుంది. కవరును లోపలికి నెట్టి, పైకి లాగితే ఫిల్ము లోపలే ఉండిపోయి కవరు మాత్రం వస్తుంది. బొమ్మ తీశాక కవరు మళ్లీ లోపలికి తోసి, మీట పి వైపు తిప్పి, ఒక్క ఊపున లాగాలి. రెండు ఉక్కు రోలర్ల నడుమ కవరు నలిగి, అంచున ఉన్న మందు తిత్తి పగిలి, పల్చటి పేస్టు ఫిల్ము అంతా పరుచుకుంటుంది. ఊపులో తడబడితే బొమ్మ మధ్య చార. ఆ చారలకు నేను తిన్న తిట్లు ఇన్నీ అన్నీ కావు.

స్టూడియోలో దాన్ని "పోలా" అనేవాళ్లం. ఖరీదైన స్లైడు ఫిల్ము కాల్చేముందు లైట్లు సరిగ్గా పడ్డాయో లేదో చూసుకోవడానికి. సబ్బుపెట్టె మీద మెరుపు ఎక్కువైందని క్లయింటు వేలు పెట్టి చూపించేవాడు, లైటు జరిపేవాళ్లం, ఇంకో పోలా. రాత్రయ్యేసరికి చెత్తబుట్ట నిండేది.

బుట్టలోంచి ఏరిన ఒకదాన్ని సెలవులకు ఇంటికి పట్టుకెళ్లి నాన్నకిచ్చాను. వెలుతురులోకి పట్టి చూశాడు. బాగుందన్నాడు. వెనక్కి తిప్పి, "నెగెటివ్ ఏదిరా?" అన్నాడు.

లేదన్నాను. ఆయన ముఖం నాకింకా గుర్తే. ముప్పయ్యేళ్ల నెగెటివ్‌లు నంబర్లు వేసి కవర్లలో దాచిన మనిషి. ఎవరి ఇంట్లోనో పెద్దాయన పోతే, ఏళ్లనాటి నంబరు వెతికి దండ వేయడానికి పెద్ద ఫొటో తీసిచ్చినవాడు. స్టూడియో అంటే ఆయనకు ఆ బీరువా.

నాన్నకు నేను చెప్పాల్సిన జవాబు ఒకటుంది. పోలరాయిడ్‌వాళ్లదే, టైప్ 55 అనే ఫిల్ము. 1961లో వచ్చింది. దాన్ని ఒలిస్తే ఒకవైపు ఫొటో, మరోవైపు నిజమైన నెగెటివ్. కాకపోతే నెగెటివ్‌ను వెంటనే సోడియం సల్ఫైట్ నీళ్లలో వేయాలి. అందుకని కొండల్లోకి వెళ్లే ఫొటోగ్రాఫర్లు కెమెరాతోపాటు బకెట్టు మోసుకెళ్లేవాళ్లు. 1968లో ఆడమ్స్ మంచు కప్పిన ఎల్ కాపిటన్ శిఖరాన్ని తీసింది ఆ ఫిల్ము మీదే. అప్పట్లో నాకది తెలిసి ఉంటే నాన్నతో వాదన వేరేగా నడిచేదేమో.

ఇక చావుల సంగతి చకచకా చెప్పేస్తాను. 2008లో పోలరాయిడ్ ఫిల్ము తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది. 2014లో బాబ్ క్రౌలీ అనే ఆయన జనం దగ్గర నాలుగు లక్షల డాలర్లకు పైగా పోగుచేసి, న్యూ55 పేరుతో టైప్ 55ను మళ్లీ పుట్టించబోయాడు. 2017 చివరికి అదీ మూతపడింది. ఈ మధ్యలో, 2016లో, ఫుజి తన ఒలిచే ఫిల్మును ఆపేసింది. చెక్క పెట్టెలేమో ఎక్కడివక్కడే ఉన్నాయి.

నా పెట్టెకు ఇప్పుడు దొరికింది ఫుజివాళ్ల ఇన్‌స్టాక్స్ ఫిల్ము. 2020లో లోమోగ్రఫీ సంస్థ దాన్ని నాలుగూ అయిదు కెమెరాకు తగిలించే బ్యాక్ తెచ్చింది. అది తగిలేది గ్రాఫ్లాక్ అనే పద్ధతిలో. రోచెస్టర్‌లోని గ్రాఫ్లెక్స్ కంపెనీ 1949లో తెచ్చిన ఏర్పాటిది. అంతకుముందు హోల్డరు స్ప్రింగుల అద్దం కింద ఇరుక్కోవాలి, లావుపాటిదేదీ పట్టదు. గ్రాఫ్లాక్‌లో అద్దాన్ని చట్రంతో సహా తీసేసి, ఎంత లావైనదాన్నైనా రెండు జారుడు పట్టీలతో బిగించవచ్చు. పెన్సిల్ సెల్‌లతో నడిచే బ్యాక్ వస్తుందని వాళ్లు అప్పుడు కలగని ఉండరు.

బాబాయి చేసింది ఆ గ్రాఫ్లాక్ చట్రమే. టేకు, రెండు ఇత్తడి పట్టీలు, నాన్న గరుకద్దంలోంచి కోసిన ముక్క. మామూలు హోల్డరు పెట్టినా పనికిరావాలని అద్దాన్ని అయిదు మిల్లీమీటర్ల లోతులో ఉంచమన్నాను. ఇన్‌స్టాక్స్ బ్యాక్‌లో ఫిల్ము ఇంకో 19 మిల్లీమీటర్లు వెనక్కి ఉంటుంది. అందుకని ఫోకస్ చేసేటప్పుడు అద్దం చట్రం కింద అంత మందం పలకొకటి వేసి, తర్వాత తీసేయాలి.

ఆ సాయంత్రం కొట్లోనే, లెన్సు పూర్తిగా తెరిచి, బాబాయిని కూర్చోబెట్టి తీశాను. మసక. మళ్లీ కొలిచాం. లోతు సరిగ్గానే ఉంది. చివరికి ఆయనే కనిపెట్టాడు: అద్దం గరుకు వైపు బయటికి పెట్టాడు. బొమ్మ నిలిచేది గరుకు మీద గనక అద్దం మందమంతా తేడా వచ్చింది. "అద్దానికీ బోర్లా వెల్లకిలా ఉంటాయని నాకేం తెలుసయ్యా" అని నవ్వాడు.

మర్నాడు తెల్లవారుతూనే, ఎండ రాకముందు, గుమ్మం దగ్గర మసక వెలుతురులో. ఈ ఫిల్ము వేగం 800. నాన్న లెన్సుకు షట్టర్ లేదు, మూత తీసి పెట్టడమే. ఎండలోకి వెళితే తెల్లకాగితమే వస్తుంది. ఎఫ్22కి మూసి, నాన్న లెక్కే లెక్కపెట్టాను: మనసులో ఒక్కసారి "గోవిందా" అంటే ఒక సెకను. బ్యాక్ గుర్రుమని కార్డును బయటికి తోసింది. మెల్లగా బాబాయి గడ్డం, వెనక కొట్టు బోర్డు తేలాయి. ఈ ఫిల్ముకు వెలుతురు వెనకవైపు నుంచి తగులుతుంది కాబట్టి అక్షరాలు తిరగబడలేదు.

బాబాయి దాన్ని చేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. జేబులో పెట్టుకోబోయి ఆగి, "ఇంకోటి కడిగివ్వు, మా అమ్మాయికి పంపాలి" అన్నాడు.

కడగడానికేమీ లేదని చెప్పలేదు. ఆయన్ని మళ్లీ కూర్చోమని, లెన్సు మూత తీశాను. గోవిందా.