రెండు రక్తాల నడిమి పొర

కాన్పు కాగానే అందరి దృష్టి బిడ్డమీదనే నిలుస్తుంది. వెంట వచ్చిన మావిని మన పల్లెలలో గొయ్యి తీసి పాతిపెట్టేవారు. కడుపులో ఉన్నన్నాళ్ళూ బిడ్డకు ఊపిరితిత్తిగా, మూత్రపిండంగా పనిచేసినది ఆ మావియే.

తల్లి రక్తనాళాలే బిడ్డలోనికి సాగుతవని ప్రాచీన కాలంలో గేలెన్ వంటి వైద్యులు తలచినారు. 1754లో లండను నగరంలో గర్భవతిగా మరణించిన ఒక స్త్రీ గర్భాశయ నాళాలలోనికి మెకెంజీ అనే వైద్యుడు రంగుమైనం ఎక్కించినాడు. జాన్ హంటర్ దానిని కోసి చూడగా, మైనం మావిలోని ఖాళీలలో నిలిచినదే కాని బిడ్డ నాళాలలోనికి పోలేదు. తల్లి రక్తం వేరు, బిడ్డ రక్తం వేరు! ఈ ఘనత ఎవరిదన్న తగవు జానుకూ, అతని అన్న విలియముకూ నడుమ 1780లో రాయల్ సొసైటీ దాకా పోయి, అన్నదమ్ములను విడదీసినది.

రక్తాలు కలియకుండా ప్రాణవాయువు ఎట్లా చేరుతున్నది? బిడ్డ నాళాలను మోసే సన్నని పోగులు పీచువేళ్ళవలె చీలి తల్లి రక్తంలో మునిగి ఉంటవి. నడుమ ఉన్నది పలుచని పొర. నెలలు నిండేసరికి ఆ పోగుల పైభాగపు వైశాల్యం సుమారు 12 చదరపు మీటర్లు. 1950, 60 దశకాలలో అమెరికాలోని బాల్టిమోరులో ఎలిజబెత్ రామ్సే, ఆమె సహచరులు రీసస్ కోతులను ఎక్స్-రేతో పరిశీలించి, తల్లి రక్తం ధమనులనుండి ధారలుగా చిమ్మి, పోగులను తడిపి, సిరలద్వారా మరలిపోతుందని చూపినారు.

పలుచని పొర, విస్తారమైన వైశాల్యం, ఆగని ప్రవాహం. మార్పిడి సాగడానికి కావలసినవి ఈ మూడే. 1943లో హాలండులో కోల్ఫ్ నిర్మించిన కృత్రిమ మూత్రపిండం మావిని చూచి చేసినది కాదు. ఐనా, సెల్లోఫేను గొట్టాలలో రక్తాన్ని నడిపి మలినాలను బయటి ద్రవంలోనికి పంపిన ఆ యంత్రమూ ఈ సూత్రాన్నే ఆశ్రయించినది.

2017లో ఫిలడెల్ఫియా బాలల ఆసుపత్రి పరిశోధకులు తెలిసి తెలిసి మావినే అనుకరించినారు. నెలలు నిండని గొర్రెపిల్లలను ద్రవం నింపిన సంచిలో ఉంచి, బొడ్డుతాడును ప్రాణవాయువు నందించే పరికరానికి కలిపినారు. పంపు పెట్టలేదు, పిల్ల గుండెయే రక్తాన్ని నడిపినది. నాలుగు వారాలవరకు వాటిని అట్లా కాపాడగలిగినారు.

ఐనా ఒక భేదం మిగిలినది. మావి బిడ్డతోపాటు పెరుగుతుంది, బిడ్డ అవసరం పెరిగినకొద్దీ తనను తాను మార్చుకొంటుంది. మన పరికరాలు ఆ విద్యను నేర్చిననాడు, తొందరపడి లోకానికి వచ్చిన పసికందులకు మరికొన్ని వారాల గడువు దొరుకుతుంది.