బందిపోటు రాణి: సినిమా ఒకటి, కోర్టు రికార్డు ఒకటి

1941లో హాలీవుడ్ ‘బెల్ స్టార్’ అనే రంగుల చిత్రం తీసింది. నాయిక జీన్ టీర్నీ. అందులో బెల్ దక్షిణాది జమీందారీ బిడ్డ. ఓడిన తన వారి పరువు కోసం తుపాకీ పడుతుంది. ఇంటి నల్లజాతి దాసి ఆమెను కన్నబిడ్డలా చూసుకుంటుంది. బానిసత్వానికి ఇంతకన్నా కమ్మని పూత ఉంటుందా?

అసలు మనిషి మైరా మేబెల్ షర్లీ. 1848లో మిస్సోరీలో పుట్టింది. తండ్రి కార్తేజ్ ఊళ్ళో సత్రం నడిపాడు. ఆమెపై కోర్టులో రుజువైన నేరం గుర్రాల దొంగతనం. 1883లో ఫోర్ట్ స్మిత్‌లో జడ్జి పార్కర్ శిక్ష వేశాడు. డెట్రాయిట్‌లో తొమ్మిది నెలలు జైలు. అంతే! 1889 ఫిబ్రవరి 3న ఎవరో కాల్చి చంపారు. హంతకుడు తేలలేదు.

అదే ఏడాది రిచర్డ్ ఫాక్స్ అనే న్యూయార్క్ ప్రచురణకర్త ఆమెకు ‘బందిపోటు రాణి’ బిరుదు తగిలించి పాతిక సెంట్ల పుస్తకం అమ్మాడు. (ఫాక్స్ సినిమా కంపెనీకీ ఇతనికీ చుట్టరికం లేదు.) ఆ కల్పననే తర్వాతివారు చరిత్రగా ఎత్తి రాసుకున్నారు. స్థలపురాణాలు పుట్టేదీ ఇలాగే కదా.

మనకూ 1970లో కె.ఎస్.ఆర్. దాస్ తీసిన ‘రౌడీ రాణి’ ఉంది. ఖరగ్‌పూర్ ప్రేమ్ బజార్‌లో పాతకాలం రైల్వే తెలుగువారిని కదిపితే విజయలలిత పేరు ఇట్టే చెబుతారు. అది కట్టుకథ అని అందరికీ తెలుసు. పేచీ లేదు.

పేచీ ‘ఇది నిజగాథ’ అన్నప్పుడే. 1994లో ‘బాండిట్ క్వీన్’ ఆ మాటతోనే మొదలయింది. ఫూలన్ దేవి బతికి ఉంది కాబట్టి ఢిల్లీ హైకోర్టుకెక్కింది. బెల్ స్టార్ మీద సినిమా వచ్చేనాటికి ఆమె పోయి 52 ఏళ్ళు.